పెద్ద సారింటి పెళ్లికి నేను కట్టని పట్టుచీర

రండి, ఇలా దగ్గరగా జరగండి. కూలరు గాలి అందరికీ తగలాలంటే కాస్త ఇరుక్కుని కూర్చోవాలి మరి. ఫోన్లు బోర్లా పెట్టండి. ఆ ఫోనులో సూర్యుడి బొమ్మ పక్కన ఓ మబ్బు తునక, దాని కింద మెరుపు గీత కనపడతాయి చూశారా, వాటి వెనకాల ఒక ఆఫీసు ఉంటుంది. ఆ ఆఫీసులో చార్టులుంటాయి. చార్టుల మీదికి వంగి తల గోక్కునే సార్లుంటారు. ఆ సార్లకి టీ కాచి ఇచ్చే మనిషి ఒకతె ఉంటుంది. రాయ్‌పూర్‌లో ఆ ఒకతెని నేనే.

నా చదువు రైల్వే స్కూల్లో అయిదో తరగతి దగ్గర ఆగిపోయింది. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి పట్టాల పనికొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మా ఆయన వాతావరణం ఆఫీసులో పనిచేసేవాడు. ఆయన ఉన్నట్టుండి కన్ను మూస్తే, ఇంట్లో పొయ్యి ఆరిపోకూడదని నాకు అటెండరు ఉద్యోగం ఇచ్చారు. మొదటి రోజు పెద్ద సారు "నీకేం పని వచ్చమ్మా?" అని హిందీలో అడిగితే, "టీ వచ్చు, నోరొచ్చు" అన్నాను. అందుకే కాబోలు, స్టవ్వుతో పాటు టెలిఫోను కూడా నాకే అప్పగించారు.

ఆ టెలిఫోనుకి మిగతా కాలమంతా జలుబు చేసినట్టుండేది. ఎండాకాలం వచ్చిందంటే మాత్రం ఊపిరాడనిచ్చేది కాదు. ఇక్కడి ఎండాకాలం మీకు నేను చెప్పాలా? మధ్యాహ్నం దాకా నిప్పులు. సాయంత్రానికి ఎక్కడినుంచో ఓ నల్ల మబ్బు, ముందు దుమ్ము, వెనక ఈదురుగాలి, పెళపెళమని ఉరుము, నాలుగు చినుకులు. మళ్లీ ఉక్క. పెళ్లిళ్లన్నీ కూడా సరిగ్గా అప్పుడే. ఇక అందరూ మాకే ఫోను చేసేవాళ్లు. ఊరేగింపు గుర్రం అద్దెకిచ్చేవాడు, ఇటుకల బట్టీవాడు, పందిళ్ల సామానువాడు. అందరికీ నేను చెప్పేది సార్లు నేర్పిన మాటే. "జిల్లాలో ఒకటి రెండు చోట్ల ఉరుములు మెరుపులతో గాలివాన పడొచ్చు."

"ఆ ఒకటి రెండు చోట్లలో మా చోటుందా, బెహన్‌జీ?"

"అది మబ్బునే అడగాలి, భాయ్‌సాబ్."

ఆఫీసులో ఇలా తప్పించుకునేదాన్ని గానీ, గుఢియారీలో మా సందులోకి వస్తే తప్పించుకోడానికి దారి లేదు. మా సందులో మన తెలుగువాళ్ల ఇళ్లు ఓ వరసంతా ఉన్నాయి. వేసవిలో మేడల మీద వడియాలు పెట్టని ఇల్లు లేదు. నేను గేటు తీస్తే చాలు, ఎదురింటి అప్పయ్యమ్మ వదిన మేడ మీంచే అరిచేది.

"ఏటే, మీ ఆపీసోళ్లు ఏటంటన్నారు? పిండి కలిపీమంటారా, మానీమంటారా?"

"ఒకటి రెండు చోట్ల పడొచ్చంట వదినా."

"నీ ఒకటి రెండు చోట్లు తగలెయ్య! మా మేడ ఒకటో చోటా, రెండో చోటా? అది సెప్పు ముందు."

ఏ ఏడాది వడియాలు తడిసినా ఆ పాపం నాదే. తడవకపోతే ఆ పుణ్యం మాత్రం ఎండకే పోయేది. మా ఆఫీసు బతుకంతా ఇంతేననుకోండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మా పెద్ద సారు నాగపూర్ వైపు మరాఠీ మనిషి. సన్నగా, పొడుగ్గా, అరచేతిలో ఎప్పుడూ పెన్సిల్ పొడి. మాట తక్కువ. ఆయన పెట్టిన ఆచారం ఒకటుండేది మా ఆఫీసులో. ఎవరింట్లో పెళ్లో పేరంటమో ఉంటే, ఆ రోజు వాతావరణం వాళ్లు చెప్పకూడదు. చార్టు ముట్టుకోకూడదు. అడక్కూడదు. పక్కవాళ్లు వాళ్లకి చెప్పకూడదు. ఎందుకు సార్ అంటే, "పందిరి వేసుకున్నవాడి కంటికి మబ్బు చిన్నదిగా కనిపిస్తుంది. మరీ భయస్తుడైతే ఆకాశమంత కనిపిస్తుంది. రెండూ తప్పే" అనేవారు. మా రేడియో గదిలో పనిచేసే ఆయన, తన కొడుక్కి పుట్టువెంట్రుకలు తీయించిన రోజున ఇలాగే నోరు కట్టేసుకుని కూర్చుని, బంధువులందరితో కలిసి తడిసి వచ్చాడు. దానికి కూడా సారు నవ్వలేదు. "ఆచారం నిలబడింది" అన్నారు.

అలాంటి సారుకే కూతురి పెళ్లి కుదిరింది. కుదిరిన రోజేది? అక్తి. మనం అక్షయ తృతీయ అంటాం. ఛత్తీస్‌గఢ్ అంతా ఆ రోజున పెళ్లి పందిరే. పైగా ముహూర్తం గోధూళి వేళ, అంటే సరిగ్గా మబ్బులు డ్యూటీకి వచ్చే టైము. ఇంకా పైగా మందిర్ హసౌద్ దగ్గర ఆరుబయట లాన్‌లో. సారు హాలు చూద్దామన్నారు. పెళ్లికొడుకు తండ్రి వినలేదు. ఆయనకి ధర్సీవాలో చిన్న ఇనప ఫౌండ్రీ ఉంది. మనిషి కూడా కొలిమి లాగే ఉండేవాడు, వేడీ ఎక్కువ, చప్పుడూ ఎక్కువ.

నిశ్చితార్థం రోజు నేనూ వెళ్లాను. సారు వియ్యంకుడితో మెల్లగా అన్నారు, "సమధీజీ, ఆ నెలలో సాయంత్రాలు గాలివానలుంటాయి. ఇనప గొట్టాల పందిరి..."

ఆయన గదంతా వినపడేలా నవ్వాడు. "వినండర్రా! వాతావరణం ఆఫీసరు ఇంటి పెళ్లికి వానంట! ఏం సమధీజీ, ఒక్క సాయంత్రం సెలవు ఇప్పించలేరా మబ్బులకి? పోనీ మీరు వస్తుందంటే రాదు కదా, ఆ లెక్కన లాన్ ఖాయం చేసేద్దాం."

అందరూ నవ్వారు. సారు భార్యని నేను వహినీ అనేదాన్ని, వాళ్ల మాటలో వదిన అని. ఆవిడ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. సారు తల ఊపి లాన్‌కే సరేనన్నారు. కానీ నాకు తెలుసు, ఆఫీసులో అందరికీ తెలుసు, ఆయన భయం పరువు గురించి కాదు. గాలికి లేచిన పందిరి గొట్టం ఏం చేస్తుందో ఏటా ఎక్కడినుంచో ఓ కబురు మాకు వస్తూనే ఉంటుంది. ఆ కబురు చదివిన రోజు సారు టీ తాగరు.

పెళ్లి దగ్గరపడింది. కంప్యూటరులో రాబోయే రోజుల బొమ్మలు కూడా వస్తాయి కదా, అక్తి నాటి బొమ్మ కూడా వచ్చేసింది. సారు చార్టుల గదిలోకి వెళితే కంట పడుతుంది. వెళ్లకపోతే ఆఫీసు నడవదు. అప్పుడు రేడియో గది ఆయన ఓ ఉపాయం చేశాడు. ఇంటినుంచి పూలపూల దుప్పటి తెచ్చి, సారు కుర్చీకీ చార్టు బల్లకీ మధ్య తాడు కట్టి వేలాడదీశాడు. ఇటు సారు కూర్చుని సంతకాలు పెడుతుంటే, అటు మా చిన్న సారు చార్టులు గీసేవాడు. చిన్న సారు ఒడిశా కుర్రాడు, కొత్తగా వచ్చాడు, పెళ్లి కాలేదు, దేనికైనా భయమే. నేను టీ పట్టుకుని వెళ్లి, "ఇదేంటి సార్, అమ్మాయి పెళ్లిలో పట్టాల్సిన తెర ఇక్కడ పట్టారు! ఇంతకీ ఇందులో పెళ్లికూతురెవరు?" అన్నాను. మరాఠీ పెళ్లిలో కూడా మనలాగే అడ్డుతెర ఉంటుంది లెండి. దుప్పటి అటుపక్క చిన్న సారు దగ్గాడు. ఇటుపక్క పెద్ద సారు, "అమ్మా, నీ చీర గురించి మాట్లాడుకో, అది చాలు" అన్నారు.

అవును, చీర. ఆ మాట చెప్పడం మరిచిపోయాను. ఆ పెళ్లికని నేను బరంపురం పట్టు తెప్పించుకున్నాను. అరిటాకు పచ్చ, కుంకుమ రంగు గుడి అంచు. నెలరోజులుగా ఆఫీసులో దాని మాటే. వచ్చినవాళ్లకల్లా దాని అంచు ఎంత వెడల్పో చేత్తో చూపించేదాన్ని. "పెళ్లికూతురి చీర రంగేమిటో నాకు తెలీదు, అమ్మ చీర రంగు మాత్రం జిల్లా అంతటికీ తెలుసు" అని సారే వేళాకోళం చేసేవారు.

అక్తి పొద్దున నేను గేటు దాటుతుంటే సందులో పిల్లలు అడ్డం పడ్డారు. ఇక్కడ ఆ రోజు పిల్లలు మట్టిబొమ్మలకి పెళ్లి చేస్తారు కదా. నాలుగు పుల్లలు, మావిడాకులు, కింద వరుడూ వధువూ. "అమ్మమ్మా, వాన పడుతుందా? పడితే మా పెళ్లికొడుకు కరిగిపోతాడు" అంది ఒక పిల్ల. నేను నవ్వి, "ఒకటి రెండు చోట్ల" అన్నాను. ఆ పిల్ల ఒక్క క్షణం ఆలోచించి, ఇంట్లోంచి బాల్చీ తెచ్చి, చినుకు పడితే బొమ్మల మీద బోర్లించడానికి పక్కన పెట్టుకుంది. అంత తెలివిగా మా మాట వాడుకున్న మనిషిని నేను సర్వీసులో చూళ్లేదు.

ఆ రోజు ఆఫీసంతా పెళ్లికే. డ్యూటీలో చిన్న సారు. నేనూ జీపు డ్రైవరూ సాయంత్రం బయల్దేరాలి. పట్టుచీర సంచిలో తెచ్చుకున్నాను, ఆఫీసులోనే కట్టుకుని వెళదామని. మధ్యాహ్నం తిరిగాక నందగావ్ నుంచి ఫోను. అక్కడ గాలి లేచింది, చెట్లు పడ్డాయి, వడగళ్లు. కాసేపటికి దుర్గ్ నుంచి, పడమర నల్లగా ఉంది, దుమ్ము మొదలైందని. రైల్వేవాళ్ల పిల్లని కదా, నాకు చప్పున లోకల్ బండి గుర్తొచ్చింది. నందగావ్ దాటింది, దుర్గ్‌లో ఆగింది, ఇక వచ్చేది మన స్టేషనే. నేను ఆ మాట అంటే చిన్న సారు నీరసంగా నవ్వాడు. "బండికి పట్టాలున్నాయమ్మా. దీనికి లేవు. ఎటైనా తిరగొచ్చు."

అయినా రాశాడు. రాయ్‌పూర్ జిల్లాకి ఉరుములు, పిడుగులు, ఈదురుగాలి హెచ్చరిక. కలెక్టరాఫీసుకీ, టీవీ వాళ్లకీ, పంపాల్సిన చోటికల్లా పంపాడు. పంపాక కుర్చీలో కూలబడ్డాడు.

"అందరికీ చెప్పాను. సారుకి తప్ప."

"చెప్పండి మరి."

"ఆచారం?"

"ఆచారం వాతావరణం రాయడానికి బాబూ, చావడానికి కాదు."

ఫోను చేశాడు. ఫోనెత్తింది సారు బావమరిది. వెనకాల బ్యాండు మేళం. "ఆఫీసు నుంచి ఏ ఫోనొచ్చినా ఇవ్వొద్దన్నారు బావగారు. ఇవాళ ఆయన పెళ్లికూతురి తండ్రి, ఆఫీసరు కాదు" అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తనే లేదు. వహినీ ఫోను ఎక్కడో నగల సంచిలో మోగుతున్నట్టుంది. చూశారా, ఇలాంటి పొరపాటు మా ఆఫీసువాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యరు. ఊరందరికీ ముందే చెప్పేవాడు తన చెవులు తనే మూసుకున్నాడు.

"నేను కుర్చీ వదలకూడదు. నువ్వు వెళ్లమ్మా" అన్నాడు చిన్న సారు. "నేను రాసింది తప్పయితే?"

"తప్పయితే అందరూ నవ్వుతారు, అంతే కదా. నవ్వించడం మన డిపార్టుమెంటుకి కొత్తా?"

సంచి తీశాను. పట్టుచీర బయటికి లాగాను. కిటికీలోంచి పడమటి వైపు చూశాను. చీర మళ్లీ మడతపెట్టి బీరువాలో పెట్టి తాళం వేశాను. నాకు చార్టులు చదవడం రాదు. ఆ అబ్బాయి మాట మీద నాకెంత నమ్మకముందో మాత్రం ఆ తాళం వేశాకే నాకు తెలిసింది. ఒంటిమీద ఉన్న నేత చీరతోనే, కొంగుకి టీ మరకతోనే జీపెక్కాను.

దారంతా పెళ్లి ఊరేగింపులే. ఒక గుర్రం దాటితే ఇంకో గుర్రం. మా డ్రైవరు హారను కొడితే ఊరేగింపువాళ్లు అది కూడా బ్యాండేననుకుని ఇంకాస్త ఎగిరారు. "దీదీ, దిగి రెండు స్టెప్పులు వెయ్యి, దారిస్తారు" అన్నాడు వాడు. వెనక ఆకాశం సిరా ఒలికినట్టుంది. ముందు మందిర్ హసౌద్ వైపు మాత్రం చక్కగా తెల్లటి ఎండ.

లాన్‌లో అడుగు పెట్టేసరికి పందిరి ధగధగలాడుతోంది. ఎత్తైన ఇనప స్తంభాలు, గుడ్డ పైకప్పు, దాని కింద గాజు దీపాల గుత్తులు, కుర్చీల నిండా జనం. పెళ్లికొడుకు తండ్రి నన్ను గుమ్మంలోనే పట్టుకున్నాడు.

"వచ్చేసింది వాతావరణం ఆఫీసు! గొడుగు తెచ్చావా బెహన్‌జీ?"

"మీ నీడ చాలు భాయ్‌సాబ్" అని తప్పించుకుని సారు దగ్గరికి పరిగెత్తాను. కొత్త ధోవతి, తలపాగా, నుదుటి మీద కుంకుమ. నేను నోరు తెరవగానే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "ఆఫీసు మాట వద్దమ్మా. భోజనం చేసి వెళ్లు."

ఏం చెయ్యను? నోరొచ్చు అని ఉద్యోగంలో చేరిన మనిషిని, అక్కడ నోరు మూసుకుని నిలబడ్డాను. సారు రెండడుగులు వేశారు. ఆగారు. వెనక్కి తిరిగి నన్ను పైనుంచి కిందికి చూశారు.

"నీ చీర ఏదీ?"

నేను కొంగు మీది టీ మరకని మడతలో దాచుకున్నాను.

"బరంపురం పట్టు. నెల రోజుల నుంచి చెబుతున్నావు. ఏదీ?"

"ఆఫీసు బీరువాలో ఉంది సార్."

"ఎందుకు కట్టుకోలేదు?"

"మీరు అడక్కూడదు కదా సార్. నేను చెప్పకూడదు."

ఆయన ముఖంలో పెళ్లికూతురి తండ్రి వెళ్లిపోయి మా పెద్ద సారు రావడం నేను కళ్లారా చూశాను. పందిరి పైకి చూశారు, స్తంభాల అడుగున కొట్టిన మేకులు చూశారు, కుర్చీల్లో కూర్చున్న ముసలివాళ్లనీ పిల్లల్నీ చూశారు. లాన్ పక్కనే లాన్ యజమానిదే ధాన్యం మిల్లు ఉంది. దానికి పెద్ద గోడౌను, గట్టి గోడలు. సారు నేరుగా వియ్యంకుడి దగ్గరికి వెళ్లి చేతులు జోడించారు.

"సమధీజీ, ముహూర్తం మిల్లులో జరిపిద్దాం. అందర్నీ ఇప్పుడే లోపలికి పంపాలి."

"మిల్లులోనా? బస్తాల మధ్య? ఎవరు చెప్పారు మీకు వానని?"

"ఎవరూ చెప్పలేదు. నేను చార్టు చూడలేదు." సారు నా వైపు చూపించారు. "ఆ అమ్మ పట్టుచీర కట్టుకోలేదు."

ఆయన ముందు అర్థం కాక చూశాడు. తర్వాత పడీపడీ నవ్వాడు. "విన్నారా! అటెండరు చీర చూసి మండపం మారుస్తారంట! ఇంత కొట్లాడి కుదుర్చుకున్న లాన్! నా చుట్టాలు నా ముఖాన ఏమంటారు? నేను కదలను."

సారు చేతులు జోడించే ఉన్నారు, దించలేదు. కదలకపోతే ఆ జనం మీదికి ఆ ఇనుము వస్తుందేమో. కదిలితే, ఏమీ రాకపోతే, కూతురు జన్మంతా ఆ ఇంట్లో ఈ మాట పడాలి.

అప్పుడు గదిలోంచి పెళ్లికూతురే వచ్చింది. చేతిలో దండ. "బాబా" అంది మావగారితో. "నేను పుట్టినప్పటినుంచీ మా ఇంట్లో పప్పా వద్దంటే బట్టలు ఆరెయ్యం. చాలాసార్లు చక్కగా ఎండే కాసింది. అయినా ఆరెయ్యం. అలవాటైపోయింది. మీరు కూడా అలవాటు చేసుకోండి." అని నడుచుకుంటూ మిల్లు వైపు వెళ్లిపోయింది. పెళ్లికూతురే వెళ్లిపోయాక లాన్‌లో ఎవరుంటారు చెప్పండి? పెళ్లికొడుకు ముందు కదిలాడు, వాడి వెనక వాడి స్నేహితులు, వాళ్ల వెనక బ్యాండు, బ్యాండు వెనక ఊరు. ఆఖర్న గొణుక్కుంటూ ఆ తండ్రి.

అమ్మో, ఆ మిల్లు! గాలి ఆడదు. నడిస్తే తవుడు లేస్తుంది. కొత్త కోట్లన్నీ గోధుమ రంగుకి తిరిగాయి. పురోహితుడు మంత్రం మొదలుపెడితే తుమ్ము, మళ్లీ మొదలుపెడితే మళ్లీ తుమ్ము. "అక్షింతలకి మాత్రం లోటు లేదు" అని ఎవరో బస్తా మీద కొట్టి చెప్పారు. చెమటతో వహినీ బొట్టు ముక్కు దాకా జారింది. "అగ బాయీ, నీ చీరకి నా పెళ్లిపందిరి బలి" అంది నాతో. నవ్విందో ఏడ్చిందో తెలీలేదు.

బయట చీకటి పడింది. ఓ చల్లటి గాలి విసురుగా వచ్చి తలుపులు కొట్టింది. చినుకులు నాలుగు, రేకు మీద టపటపా. అందరూ తలెత్తి రేకుల వైపు చూశారు.

అంతే. ఆగిపోయింది.

తలుపులోంచి చూస్తే లాన్‌లో పందిరి పెళ్లికూతురిలా నిలబడి ఉంది. దీపాల గుత్తులు కొంచెం ఊగి సర్దుకున్నాయి. పూలదండ ఒక్కటి జారలేదు. ఖాళీ కుర్చీలు మాత్రం మా వైపే చూస్తున్నాయి.

ఇక ఆ తండ్రి నవ్వు చూడాలి. బస్తాలు కదిలాయంటే నమ్మండి. "ఒకటి రెండు చోట్ల! ఇదిగో, ఒకటో చోటు నా కుడి భుజం, రెండో చోటు ఎడమ భుజం!" చుట్టాలంతా నవ్వు. సారు ఒక ధాన్యం బస్తా మీద కూర్చున్నారు. తలపాగా ఒళ్లో ఉంది. నేను ఆయన వైపు చూడలేకపోయాను. అక్కడ ఆఫీసులో ఆ కుర్రాడు ఒక్కడే కూర్చుని ఉంటాడు, వాడికి ఏమని చెప్పాలా అని నా మనసంతా అదే.

సారు లేచి తలుపు దగ్గరికి వెళ్లారు. చాలాసేపు ఉత్తరం వైపు చూశారు. అటు మెరుపులు ఆగకుండా, చప్పుడు లేకుండా. ఆచారం పెట్టిన మనిషి తనే దాన్ని తప్పి ఆకాశం చూస్తున్నాడు. తిరిగొచ్చి వియ్యంకుడి చెయ్యి పట్టుకున్నారు.

"అది పోలేదు. మీ ధర్సీవా వైపు తిరిగింది. రేపటి విందుకి మీ ఇంటి ముందు పందిరి వేయిస్తున్నారు కదా, ధర్సీవాలో? ఇప్పుడు స్తంభాల మీద మనుషులుంటారు. ఒక్క ఫోను చెయ్యండి, దిగమనండి."

"ఇంకా వదల్లేదా సమధీజీ?"

"నన్ను చూసి నవ్వుకోడానికైనా చెయ్యండి."

ఆ మాట ఆయనకి నచ్చింది. నలుగురూ వినాలని స్పీకరు పెట్టి మరీ చేశాడు. "అరే, పందిరివాళ్లందర్నీ దింపెయ్! ఇక్కడ మా సమధీజీ ఆర్డరు! అందరూ ఇంట్లోకి వెళ్లి నా పేరు చెప్పి లడ్డూలు తినండి, ఆయన పేరు చెప్పి నవ్వండి!" అటునుంచి కూడా నవ్వులు వినపడ్డాయి. నిచ్చెనలు దిగుతున్న చప్పుడు. లడ్డూలంటే ఎవరు దిగరు?

తెర పట్టారు. ఇటు పెళ్లికూతురు, అటు పెళ్లికొడుకు, మధ్యలో తెల్లటి గుడ్డ. మా రేడియో గది ఆయన నా పక్కన నిలబడి మెల్లగా, "మన దుప్పటే బాగుంది, పూలున్నాయి" అన్నాడు. నేను నవ్వు ఆపుకోలేక తవుడు మింగాను. మంగళాష్టకాలు సగంలో ఉండగా వియ్యంకుడి ఫోను మోగింది. ఆయన చిరాగ్గా బస్తాల వెనక్కి వెళ్లాడు. మాటలు వినపడలేదు. తెర దించారు, దండలు పడ్డాయి, బియ్యం చల్లారు, బ్యాండు మోగింది. అప్పుడొచ్చాడు ఆయన. ఆ మనిషి ముఖంలో చప్పుడంతా పోయింది.

ధర్సీవాలో పందిరి నేలమట్టమైంది. గాలికి ఓ స్తంభం లేచి వాళ్ల అరుగు మీద పడింది. పందిరివాళ్లు లోపల లడ్డూలు తింటున్నారు. ఒక్కరికీ గోరు కూడా ఊడలేదు.

ఈ సంగతులు మాకు తర్వాత తెలిశాయి. అప్పుడు మాత్రం ఆయన ఎవరికీ ఏమీ చెప్పలేదు. వచ్చి, సారు కూర్చున్న బస్తా మీదే, ఆయన పక్కనే ఇరుక్కుని కూర్చున్నాడు. తన భుజం మీది శాలువాతో సారు తలపాగాకి పట్టిన తవుడు దులిపాడు. అప్పుడు అంత పెద్ద గొంతు గల మనిషి పక్కనున్న నాకు కూడా సరిగా వినపడనంత మెల్లగా అడిగాడు.

"సమధీజీ... రేపెలా ఉంటుంది?"

సారు తలపాగా పెట్టుకున్నారు. "నన్ను అడక్కండి. రేపు కూడా మా ఇంటి వేడుకే. ఆఫీసులో ఓ కుర్రాడున్నాడు, ఫోను చేసి అతన్ని అడగండి."

ఆయన నిజంగానే చేశాడు. చిన్న సారు గొంతు నాకు వినపడింది, భయం భయంగా, "రేపు పొడిగా ఉంటుంది సార్" అని. మర్నాడు విందు ఫౌండ్రీ షెడ్డులో పెట్టారు. నేను నా అరిటాకు పచ్చ పట్టుచీర కట్టుకుని, అంచు అందరికీ కనపడేలా చెయ్యి తిప్పుకుంటూ మరీ వెళ్లాను. గుమ్మంలో వియ్యంకుడు నన్ను చూసి, ముందు చీర చూసి, వెనక్కి తిరిగి వంటవాళ్లకి కేక పెట్టాడు. "బల్లలు బయట వేసెయ్యండిరా! పట్టుచీర వచ్చింది!"

ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా ఆయన ఆఫీసుకి ఫోను చేస్తూనే ఉన్నాడు. వాన గురించి కాదు. "బెహన్‌జీ, ఇవాళ ఏం చీర?" అని.

చెప్పేది అయిపోయింది, లేవండిక. మీ మేడల మీద వడియాలు గలగలా ఎండాలి. మీ ఇళ్లముందు పందిళ్లు కట్టినవాళ్లు కట్టినట్టే క్షేమంగా దిగాలి. మీ పొలాల మీద పడాల్సిన వాన పడాల్సిన రోజున పడాలి. మీ బీరువాల్లో పట్టుచీరలు తాళంలో మగ్గకుండా, ఏడాదికి ఒకటి రెండు చోట్లకైనా కట్టుకెళ్లే శుభాలు మీ ఇంటికి రావాలి. చల్లగా ఉండండి.